కరిగిన ఐసు లెక్క: ఒక రొయ్యల ప్లాంటుకి డ్రెయిన్ అనుమతి వచ్చిన తీరు

పరిశ్రమలకి కాలుష్య అనుమతుల విషయంలో సలహాలిచ్చే నాకు ఈ ప్లాంటు నుంచి మొదటి ఫోను వచ్చింది, వాళ్లకి కాలుష్య నియంత్రణ మండలి షోకాజ్ నోటీసు అందిన మూడో రోజున. యజమాని గొంతులో కంగారు కంటే విసుగే ఎక్కువగా ఉంది. "మురుగు శుద్ధికి ఈటీపీ కట్టామండీ, రాత్రింబవళ్లు నడుపుతున్నాం, కరెంటు బిల్లులు చూపిస్తాను. అయినా నోటీసిచ్చారు" అన్నారు. తీరా ఆ కాగితం తెప్పించి చదివితే అందులో ఈటీపీ ఊసే లేదు. శుద్ధి నీరు పారించే తోట గట్టుకి గండి ఉంది, అందులోంచి నీరు పక్కనున్న డ్రెయిన్‌లోకి పోతోంది, డ్రెయిన్‌లోకి వదలడానికి మీకు అనుమతి లేదు. అంతే.

ప్లాంటు పేరు, ఊరు చెప్పను. గోదావరి పశ్చిమ డెల్టాలో, ఉప్పుటేరు వైపు దిగే ఒక మురుగు కాలువ పక్కన ఉందనుకోండి చాలు. రోజుకి 25 టన్నుల వెనామీ రొయ్య వస్తుంది. తలలు తీసి, పొట్టు ఒలిచి, కడిగి, ఫాస్ఫేటు ద్రావణంలో నానబెట్టి, గడ్డకట్టించి ఎగుమతి చేస్తారు.

డెల్టా వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, పంట కాలువ వేరు, డ్రెయిన్ వేరు. మొదటిది గోదావరి నీళ్లు చేలకి తెస్తుంది. రెండోది చేలలో మిగిలిన నీటిని సముద్రం దాకా దిగదీస్తుంది. వాడుకలో దాన్ని మురుగు కాలువ అంటాం కాబట్టి మురుగు వదలడానికే ఉందని చాలామంది యజమానులు నిజాయితీగానే నమ్ముతారు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం మాత్రం అలా చూడదు. ఆ చట్టం లెక్కలో నది ఒక్కటే కాదు, నీరు పారే ప్రతి దారీ ప్రవాహమే. మనిషి తవ్విందైనా, ప్రస్తుతానికి ఎండిపోయి ఉన్నా సరే. అందులోకి పరిశ్రమ నీరు వదలాలంటే 25వ సెక్షన్ కింద కాలుష్య నియంత్రణ మండలి నుంచి ముందే అనుమతి ఉండాలి.

తోట పేరుతో రాసిన అంకె

అప్పటికి ప్లాంటు చేతిలో ఉన్న అనుమతి ఒక హామీ మీద వచ్చింది: శుద్ధి చేసిన నీటినంతా ఆవరణలోని మూడెకరాల తోటకే పారిస్తాం. ఈ దారి మా వృత్తిలో చాలామందికి ఇష్టం. కారణం, పరిమితులు వదులు. భూమి మీద పారించే నీటిలో బీఓడీ (నీటిలోని కుళ్లే మలినాన్ని, అది తాగే ప్రాణవాయువుతో కొలిచే అంకె) లీటరుకి 100 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. ఉపరితల జలాల్లోకి వదిలితే 30 దాటకూడదు. నీటిలో కరగకుండా ఉండే నలుసులు అక్కడ 200, ఇక్కడ 100. కాబట్టి చిన్న ఈటీపీ సరిపోతుంది, ఖర్చు తగ్గుతుంది, దరఖాస్తు తొందరగా కదులుతుంది.

నేను కాలిక్యులేటర్ తీసి యజమాని ముందే ఒక లెక్క వేశాను. పాత దరఖాస్తు చెప్పిన ప్రకారమే రోజుకి 180 కిలోలీటర్ల నీరు. మూడెకరాలంటే పన్నెండు వేల చదరపు మీటర్ల పైచిలుకు. భాగిస్తే రోజుకి 15 మిల్లీమీటర్లు. అంటే ఆ తోట మీద ఏడాది పొడవునా, శ్రావణ మాసంలో కూడా, రోజూ ఒక మోస్తరు వాన కురిసినట్టు. మడిలో నిలబడ్డ వరి కూడా రోజుకి అంత తాగదు. ఆ నేల ఒండ్రు బంకమట్టి, గునపం దింపితే మీటరు లోతులోనే నీళ్లు. అక్కడ గండి పడకుండా ఎలా ఉంటుంది?

మొదటి రోజే గండి పూడ్పించి, ఉత్పత్తిని సగానికి దించి, తోట పట్టగా మిగిలిన శుద్ధి నీటిని రాతపూర్వక అంగీకారంతో ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రానికి ట్యాంకర్లలో పంపించాం. ఇవన్నీ నోటీసుకి ఇచ్చిన జవాబులో తేదీలతో సహా రాశాం. నిజం చెప్పాలంటే, నా సలహాల కంటే ఆ ట్యాంకర్ల బిల్లే యజమాని చేత తర్వాతి పనులన్నీ చేయించింది.

పది రోజులు మీటర్ల ముందు

కొత్త దరఖాస్తు డ్రెయిన్ కోసం. అందులో అన్నిటికంటే ముందు పెట్టాల్సింది నీటి లెక్క: ఎంత తోడుతున్నారు, ఎక్కడెక్కడ వాడుతున్నారు, ఎంత బయటికి వస్తోంది. పాత లెక్క చూడముచ్చటగా ఉంది. వాడకం 240 కిలోలీటర్లు, అందులో ఐసుకి 40, ఆవిరి 20, మిగిలిన 180 మురుగు. నేను దాన్ని పక్కన పెట్టి ప్రతి బోరుకీ, ఆర్‌వో ప్లాంటుకీ, ఈటీపీ ముఖద్వారానికీ మీటర్లు బిగించమన్నాను. పది రోజులు, మూడు షిఫ్టులూ గంట గంటకీ రాయించాం.

బోర్ల నుంచి వస్తున్నది సగటున 375 కిలోలీటర్లు. 240 ఎక్కడ, 375 ఎక్కడ! తేడాలో పెద్ద ముక్క ఆర్‌వో దగ్గర దొరికింది. అక్కడి బోరు నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకి 1800 మిల్లీగ్రాములు. రొయ్య కడగాలన్నా, ఐసు చేయాలన్నా ఆర్‌వో తప్పదు. రోజుకి 250 కిలోలీటర్లు ఆర్‌వోలోకి వెళ్తే 150 మంచి నీరు వస్తోంది, 100 ఉప్పు నీరుగా వెనక్కి వస్తోంది. పాత లెక్క రాసినవారు మంచి నీటినే వాడకంగా చూపించి, వెనక్కి వచ్చిన వందనీ కాగితం మీదకి రానివ్వలేదు. మిగతా 35 నేల కడిగే పైపుల దగ్గర.

మురుగు లెక్కలో దాగిన రెండో తప్పు దొరకడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అది ఐసు.

ప్లాంటులో తయారైన 40 కిలోలీటర్ల ఐసు రాత్రి వేళ లారీల్లో చెరువుల దగ్గరికి వెళ్తుంది. అందుకే పాత లెక్కలో అది బయటికి పోయిన నీరు. కానీ చెరువు గట్టు మీద ఆ ఐసుని ఏం చేస్తారు? క్రేట్లలో ఒక వరుస రొయ్య, ఒక వరుస ఐసు వేసి, అదే లారీలో తిరిగి ప్లాంటుకి తెస్తారు. తెల్లవారుజామున నాలుగింటికి దింపుడు గట్టు దగ్గర నిలబడి చూశాను. క్రేటు బోర్లించగానే ఐసు, రొయ్య, ఎర్రటి నీళ్లు కలిసి జాలీ మీద పడ్డాయి. రొయ్య జాలీ మీద నిలిచింది, కరిగింది కాలువలోకి జారిపోయింది. నాలుగు క్రేట్లు తూకం వేయించాం. వెళ్లిన 40లో దారిలోనూ, గట్టు మీదా పోయేది పదికి మించి లేదు. మిగతా ముప్పై ఇంటికే వస్తోంది, అది కూడా రొయ్య రక్తం, ప్రొటీను కలుపుకుని. మా షిఫ్టు సూపర్‌వైజరు ఒకరు అప్పుడు నవ్వి, "ఐసు పుట్టింటికి వెళ్లొస్తుందండీ" అన్నారు. పన్నెండేళ్లుగా ఆయన రోజూ చూస్తున్నదే అది. ఎవరూ ఆయన్ని అడగలేదు.

అన్నీ కలిపితే కండెన్సర్ల ఆవిరి 35, దారిలో కరిగిన ఐసు 10, సరుకుతో పోయేది 5, మరుగుదొడ్లకి 15. ఈ 65 తీసేస్తే మురుగు రోజుకి 310 కిలోలీటర్లు. ఈటీపీ సామర్థ్యం 200. ఈ అంకె అనుమతులు తేల్చే మండలి కమిటీ ముందు పెడితే కొంప మునుగుతుందని యజమాని భయపడ్డారు. పెట్టకపోతేనే మునుగుతుందని నేను వాదించాను. ఎందుకంటే 25 టన్నుల రొయ్యకి ఎంత నీరు కావాలో అనుమతి ఇచ్చే ఇంజినీర్లకి తెలుసు. జిల్లాలో ఇలాంటి ప్లాంటు మాదొక్కటేనా?

ఉప్పు తగ్గిస్తే పీహెచ్ పడింది

మండలి అనుమతి పత్రాల్లో లవణాలకి మామూలుగా కనిపించే పరిమితి 2100. మా మురుగులో అవి 2500 పైన ఉన్నాయి. ఉప్పు ఈటీపీలో పోదు. సూక్ష్మజీవులు బీఓడీని తింటాయి గానీ ఉప్పుని ముట్టుకోవు. ఇంకో ఆర్‌వో పెడితే ఇంకా చిక్కని ఉప్పు నీరు మిగులుతుంది. దాన్నెక్కడ పోస్తారు? కాబట్టి ఉప్పుని మూలంలోనే ఆపాలి. బోరు నీళ్లు తగ్గించి పంట కాలువ నీళ్లు తీసుకోవాలి. జలవనరుల శాఖ నుంచి అనుమతి తీసుకుని, వేసవిలో కాలువలు కట్టేసే రెండు నెలల కోసం రెండెకరాల్లో చెరువు తవ్వించాం. రోజుకి 180 కిలోలీటర్ల చొప్పున 60 రోజులకి 10,800 కావాలి. ఆవిరి, ఇంకుడు కలుపుకుని రెండు మీటర్ల లోతు సరిపోయింది. దానికి తోడు నేల కడిగే ముందు పొట్టుని చీపురుతో ఊడ్చి ఎత్తడం, పైపులకి నొక్కితేనే నీళ్లొచ్చే తుపాకీ మూతులు బిగించడం. ఈ రెండు చవక పనులతో మొత్తం నీటి వాడకం 300కి, మురుగు 235కి దిగాయి. లవణాలు 1700 దగ్గర ఆగాయి.

ఇక్కడ నేను ఊహించని దెబ్బ ఒకటి తగిలింది. రొయ్య మురుగులో నత్రజని ఎక్కువ. అమ్మోనియా నత్రజని 50 దాటకూడదు కాబట్టి గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులో సూక్ష్మజీవుల చేత దాన్ని నైట్రేటుగా మార్పించాలి. ఒక గ్రాము నత్రజని అలా మారడానికి 7 గ్రాములకి పైగా క్షారత (నీరు ఆమ్లంగా మారకుండా ఆపే లవణాలు) ఖర్చవుతుంది. బోరు నీళ్లలో అది పుష్కలంగా ఉండేది, మేము గమనించనే లేదు. కాలువ నీళ్లలో లేదు. నీళ్లు మార్చిన మూడో వారానికి ట్యాంకు పీహెచ్ 6 కిందికి జారింది, అమ్మోనియా మళ్లీ పైకెక్కింది. ఆపరేటరు ఫోను చేసి, "నీళ్లు మంచివి పోస్తుంటే ట్యాంకు పాడవుతోంది సార్" అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. సున్నం మోతాదు పెట్టాం. ముందు భాగంలో గాలి లేని ట్యాంకు ఒకటి కట్టి నైట్రేటుని నత్రజని వాయువుగా వదిలించాం. అక్కడ క్షారత సగం దాకా తిరిగొస్తుంది. నైట్రేటుకి ఉన్న 10 పరిమితి కూడా దానితోనే అందింది. ఫాస్ఫేటుకి 5 పరిమితి. నానబెట్టిన ద్రావణాన్ని కాలువలో కుమ్మరించకుండా విడిగా పట్టి, సున్నంతో ఫాస్ఫేటుని అడుక్కి దించి, ఆ తేటనే ఈటీపీకి పంపితే సరిపోయింది.

అంకె పాసైంది, చేప పాసవలేదు

డ్రెయిన్ దిగువన రైతులున్నారు. వాళ్ల చెరువులకి నీరు ఆ డ్రెయిన్ నుంచే తోడతారు. అనుమతి ఆలోచన బయటికి పొక్కగానే పదిహేను మంది ప్లాంటుకి వచ్చారు. అందరి తరఫునా ఒక పెద్దాయన మాట్లాడారు.

"మీకు రొయ్య అమ్మేది మేమే కదా బాబూ. మీరు వదిలిన నీళ్లు తోడుకుని మేము రొయ్య పెంచి, మళ్లీ మీకే తెచ్చి అమ్మాలా?"

"నీళ్లు శుద్ధి చేసే వదులుతామండీ. ల్యాబ్ రిపోర్టులు చూపిస్తాం."

"రిపోర్టు మాకు చదవడం రాదు. తలలు ఒలిచిన నీళ్లలో తెల్లమచ్చ ఉండదని చెప్పగలరా?"

దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. 1994లో తెల్లమచ్చ వైరస్ కోస్తాలో రొయ్య సాగుని ఎలా తుడిచిపెట్టిందో ఆ వయసు వాళ్లెవరూ మరచిపోలేదు. జబ్బు పడిన చెరువుని తొందరగా పట్టి అమ్మేయడం ఇప్పటికీ ఉన్నదే. ఆ రొయ్య తలలు ఒలిచిన నీటిలో వైరస్ ఉండే అవకాశం నిజంగా ఉంది. ప్రమాణాల పట్టికలో దానికి అంకె లేదు. బీఓడీ 20 ఉన్న తేట నీరు కూడా ఆయన చెరువుకి చేటు చేయవచ్చు.

వైరస్‌కి మందు క్లోరిన్. శుద్ధి చివర అరగంట సేపు క్లోరిన్ నిలబెట్టే ట్యాంకు కట్టాం. మిగిలిన క్లోరిన్ 1 మిల్లీగ్రాము దాటకూడదని నిబంధన. మాది 0.6. సంతోషంగా చేపల పరీక్షకి పంపాం. 1986 పర్యావరణ నిబంధనల ఆరో షెడ్యూలు ప్రకారం ఒక్క చుక్క మంచినీరు కలపని శుద్ధి నీటిలో 96 గంటల తర్వాత నూటికి 90 చేపలు బతికి ఉండాలి. మా పదిలో ఏడు రెండో రోజు పొద్దునకే వెల్లకిలా తేలాయి.

క్లోరిన్ లీటరుకి మిల్లీగ్రాములో అయిదో వంతు ఉన్నా చాలు, చిన్న చేపల మొప్పలు తట్టుకోలేవు. ఒకే పట్టికలో రెండు గడులున్నాయి. ఒక గడిలో పాసైన నీరు ఇంకో గడిలో ఫెయిలవుతుంది. ఈ సంగతి నేను చదువుకోకపోలేదు. పది రిపోర్టుల్లో తొమ్మిది క్లోరిన్ గడి దగ్గరే ఆగిపోతాయి కాబట్టి నా కళ్లు కూడా అక్కడే ఆగాయి. క్లోరిన్‌ని వేయాలి, పని అయ్యాక చంపాలి. దానికి కావాల్సిన సోడియం మెటాబైసల్ఫైటు ప్లాంటు గోదాములోనే బస్తాలుగా ఉంది. రొయ్యకి నల్లమచ్చలు రాకుండా ఎప్పటినుంచో వాడుతున్న పొడి. క్లోరిన్ ట్యాంకు తర్వాత దాని మోతాదు, ఆ తర్వాత చిన్న జలపాతంలాంటి మెట్లు. ఈ పొడి ఎక్కువైతే నీటిలోని ప్రాణవాయువు తాగేస్తుంది, మెట్లు దాన్ని తిరిగి కలుపుతాయి. రెండోసారి పదికి పది చేపలూ బతికాయి.

రాత్రి రెండింటికి హాలు కడిగే క్లోరిన్ సంగతి కూడా అప్పుడే తేల్చాం. నేలకి వాడేది 100 పీపీఎం పైనే. అది తిన్నగా ఏరేషన్ ట్యాంకులో పడి రోజూ తెల్లారేసరికి సగం సూక్ష్మజీవుల్ని మూర్ఛపోగొడుతోంది. ఆ కడుగుని విడి తొట్టిలో పట్టి, క్లోరిన్‌ని విరిచి, పగటిపూట కొద్దికొద్దిగా వదిలే ఏర్పాటు చేశాం.

తూము ఎక్కడ

నీరు బాగైతే సరిపోదు. అది డ్రెయిన్‌లో పడే చోటుకి జలవనరుల శాఖ డ్రెయిన్ల విభాగం నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. యజమాని ఒకటిన్నర కిలోమీటరు దిగువన చోటు చూశారు. అక్కడ డ్రెయిన్ వెడల్పుగా ఉంది, చెరువులు తక్కువ. నాకూ మొదట నచ్చింది. మే నెలలో పోటు సమయాన లవణీయత కొలిస్తే వెయ్యికి ఏడు పాళ్లు వచ్చింది. సముద్రపు పోటు అక్కడిదాకా ఎక్కుతోందన్నమాట. ఏడాదిలో బాగా ఎండిన రోజుల్లో వెయ్యికి అయిదు పాళ్లున్న చోటు దాకా కోస్తా నియంత్రణ మండలం నిబంధనలు వర్తిస్తాయి. అధికారికంగా ఆ హద్దు తేల్చేది గుర్తింపు పొందిన సంస్థ గీసిన పటమే అయినా, నా చేతి మీటరు హెచ్చరిక చాలు. అక్కడ తూము పెడితే ఇంకో అనుమతి, ఇంకో ఏడాది. తూముని ప్లాంటు పక్కకే తెచ్చాం. అక్కడ అదే నెలలో లవణీయత ఒకటికి కాస్త పైన.

డ్రెయిన్ల విభాగం ఇంజినీరు ప్రశ్నలు సూటిగా ఉన్నాయి. గట్టు కోయకూడదు. పైపు గరిష్ఠ వరద మట్టానికి పైన ఉండాలి. వెనక్కి తన్నకుండా రెక్క తలుపు ఉండాలి. "తుఫాను వచ్చి డ్రెయిన్ నిండుగా పోతుంటే మీ నీళ్లు ఆపుతారా?" అని అడిగారు. ఆపాలంటే దాచాలి. ఒకటిన్నర రోజుల శుద్ధి నీరు పట్టే కాపలా గుంట మా నమూనాలో చేరింది అలాగే. తర్వాత కమిటీ ఏదైనా ఒక్కదాన్ని మెచ్చుకుందంటే అది ఆ గుంటనే. అందులో నా తెలివేమీ లేదు.

కమిటీ గదిలో

దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఎక్కించాం, పరిశీలనకి ఇంజినీర్లు వచ్చారు, నమూనాలు తీసి సీలు వేసి రెండు భాగాలు చేశారు. ఈ దశలో ప్రతి యజమానీ అడిగే ప్రశ్న మా వారూ అడిగారు: "నాలుగు నెలలు దాటితే అనుమతి వచ్చినట్టే అట కదా?" చట్టంలో ఆ మాట ఉంది. దాని పక్కనే, దరఖాస్తు అన్ని విధాలా పూర్తిగా ఉంటేనే అన్న మాట కూడా ఉంది. మండలి ఒక్క వివరం అడిగిందంటే పూర్తి కానట్టే. ఆ సెక్షన్‌ని నమ్ముకుని తూము తెరిచినవాళ్లని నేను కోర్టు వరండాల్లో చూశాను.

కమిటీ ముందు నేను మాట్లాడింది పదకొండు నిమిషాలు. మొదటి స్లయిడు మీద పాత 180, కొత్త 310, దిద్దుబాటు తర్వాత 235, మూడూ పక్కపక్కన. ఒక సభ్యుడు ఐసు గడి మీద వేలు పెట్టి, "ఇది ఎవరూ చూపించరే" అన్నారు. ఆ తర్వాత వచ్చిన ప్రశ్నలన్నీ నీటి లెక్క దాటి రైతుల దగ్గరికే వెళ్లాయి. చేపల పరీక్ష ఫెయిలైన రిపోర్టుని కూడా దాచకుండా పెట్టాం. దాన్ని తీసేయమని మా సొంత ఆఫీసులోనే ఒకరు అన్నారు. అది లేకపోతే పాసైన రిపోర్టుని ఎందుకు నమ్మాలో చెప్పలేకపోయేవాళ్లం.

నోటీసు అందిన పదమూడో నెలలో అనుమతి పత్రం వచ్చింది. రోజుకి 240 కిలోలీటర్లకి మించకూడదు. తూము ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉంది. ఐదేళ్ల గడువు. తూము దగ్గర విద్యుదయస్కాంత మీటరు, నెలనెలా బయటి ల్యాబ్ రిపోర్టు, మూడు నెలలకోసారి చేపల పరీక్ష, డ్రెయిన్ వరద మట్టంలో ఉన్నప్పుడు విడుదల బంద్. క్లోరిన్ పరిమితి మామూలు 1 కాకుండా 0.1కి దించారు. ఆ అంకె మేమే అడిగి రాయించుకున్నాం, యజమాని ముఖం చిట్లించినా సరే.

తూము తెరిచిన మొదటి వానాకాలంలోనే రెక్క తలుపు ఒకసారి 19 గంటలు మూతపడి ఉంది. కాపలా గుంట సగానికి కాస్త పైన నిండి ఆగింది. ఈటీపీ చివర గాజు తొట్టి ఒకటి పెట్టి, డ్రెయిన్‌కి వెళ్లే నీటినే దానిలోంచి పారించి చేపలు వదిలాం. పెద్దాయన వచ్చి ఒకసారి చూశారు. చేపల గురించి ఏమీ అనలేదు, క్లోరిన్ రీడింగు రోజూ తన ఫోనుకి పంపమన్నారు. ఉదయం ఏడింటికి ఆపరేటరు ఫోటో తీసి పంపుతున్నాడు. ఏడున్నర దాటితే ఆయనే ఫోను చేస్తారు.